మండువా లేని మండువా ఇల్లు, చిగురు వేసిన సినిమా చెట్టు

ఆ ఇంట్లో మండువా లేదు. యాప్‌లో "కోనసీమ మండువా లోగిలిలో బస" అని పేరు చూసి, ఇంటి మధ్యలో పైకప్పు లేని మండువాలోకి వాన నీళ్లు పడుతున్న ఫోటో చూసి, రెండు గదులకు రాత్రికి పన్నుతో కలిపి 9,408 రూపాయలు ముందే కట్టాం. తీరా వెళ్తే అది రెండంతస్తుల సిమెంటు డాబా. ఈ ప్రయాణంలో మిగతావన్నీ బాగున్నాయి, రెండు మూడు అయితే జన్మలో మర్చిపోలేనివి. అయినా ముందు ఇదే చెప్తున్నాను. పండక్కి కోనసీమ వెళ్దామని ఇప్పుడు ఎంతమంది ఫోన్లో ఇలాంటి ఫోటోలే చూస్తూ కూర్చున్నారో!

అసలు ఈ ప్రయాణం మా మామయ్యగారి కోసం. ఆయన వయసులో ఉన్నప్పుడు సినిమా రిప్రజెంటేటివ్‌గా పనిచేశారు. విజయవాడ గాంధీనగర్‌లోని డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు తరఫున రీళ్ల పెట్టెలతో పాటు ఊళ్లు తిరగడం, థియేటర్లో కూర్చుని నేల ఎన్ని, బెంచీ ఎన్ని, కుర్చీ ఎన్ని టికెట్లు తెగాయో చూసుకోవడం, రాత్రికి డీసీఆర్ (ఆ రోజు వసూళ్ల లెక్క) రాయించి ఆఫీసుకు పంపడం. తణుకు, కొవ్వూరు, రాజమండ్రి ఆయన లైను. 2024 ఆగస్టు 5న, ఎన్నో సినిమాల్లో కనిపించిన కుమారదేవం చెట్టు కూలిపోయిందని టీవీలో చూసిన రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. కొన్నాళ్లకు మోడు చిగురించిందని వార్త వచ్చింది. "అమ్మా, ఒకసారి చూసొద్దామా?" అని నన్ను అడిగారు. కొడుకుని అడిగితే సెలవు దొరకదంటాడని ఆయనకు తెలుసు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి "అటువైపు రీల్స్ బాగా వస్తాయి తాతయ్యా" అని వెంటనే తోడయ్యాడు. మా వారు ఇక కాదనలేకపోయారు. క్రిస్మస్ సెలవుల్లో బయల్దేరాం.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ, తెల్లారేసరికి రాజమండ్రి. స్టేషన్‌కి దగ్గర్లో లాడ్జి, గది 1,600, దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు వచ్చాయి. కారు రోజుకు 3,200, డ్రైవరు బత్తా 400 వేరు. డ్రైవరు కుర్రాడు ప్రతి మాట చివర "అండి" చేర్చి మాట్లాడుతుంటే మామయ్యగారి మొహం వెలిగిపోయింది.

రోడ్డు కం రైలు వంతెన మీదుగా గోదావరి దాటితే కొవ్వూరు. అక్కణ్ణుంచి గట్టు రోడ్డు పట్టుకుని కొద్ది దూరం పోతే కుమారదేవం. అక్కడిది నిద్రగన్నేరు చెట్టు. సాయంత్రం కాగానే ఆకులు ముడుచుకుంటుంది, అందుకే ఆ పేరు. వయసు నూట యాభై ఏళ్లంటారు. సింగులూరి తాతబ్బాయి అనే ఆయన నాటారని ఊళ్లో చెప్తారు. 1970ల నుంచి దాని కింద వందల సినిమాల షూటింగులు జరిగాయి. ఒక్క సీనైనా ఇక్కడ తీస్తే సినిమా ఆడుతుందని పరిశ్రమలో గట్టి నమ్మకం. పంచాయతీ తీర్పు, హీరోయిన్ ఉయ్యాల, పడవ దిగి వచ్చే హీరో, ఇలా మనం తెర మీద చూసిన పల్లెటూళ్లలో ఎన్నో ఈ ఒక్క చెట్టు నీడవే.

ఎందుకంతమంది ఇక్కడికే వచ్చారో దారిలో మామయ్యగారు చెప్పారు. అప్పట్లో ఔట్‌డోర్ అంటే ఎండతో యుద్ధం. మిట్టమధ్యాహ్నం మొహాల మీద నీడలు పడతాయని రిఫ్లెక్టర్లు పట్టుకుని మనుషులు నిలబడేవారు. ఈ చెట్టు గొడుగులా చుట్టూ పరుచుకోవడంతో కింద వెలుగు అంతటా సమానంగా ఉండేది. వెనక గోదావరి, పక్కన గట్టు, గట్టు మీద బళ్లు. కెమెరా ఒక్కచోట పెట్టుకుని కొద్దికొద్దిగా తిప్పితే నాలుగు లొకేషన్లు. బస రాజమండ్రిలో, భోజనాలు కొవ్వూరు నుంచి. నిర్మాతకి ఇంతకంటే ఏం కావాలి? ఈ సంగతి నాకు ఎక్కడా ఎవరూ చెప్పలేదు. చెట్టు అందం గురించే అందరూ మాట్లాడతారు, దాని పనితనం గురించి ఆయన నోటే విన్నాను.

ఇప్పుడు వెళ్లేవాళ్లు సినిమాలో చూసిన చెట్టు ఉంటుందనుకుని వెళ్లొద్దు. లావాటి మోడు ఉంది, నరికిన కొమ్మల మొదళ్లు ఉన్నాయి. కూలిన తర్వాత రాజమండ్రి రోటరీ వాళ్లు, ఊరివాళ్లు కలిసి మోడుకి మందులు పట్టించి చూసుకున్నారు. ఆ కోతల పక్క నుంచి చిగుళ్లు గుత్తులుగా లేచాయి, లేత ఆకుపచ్చ రంగులో. మా అబ్బాయి "ఇంతేనా?" అన్నాడు. మామయ్యగారు జవాబివ్వలేదు. మోడు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

పక్కన అరుగు మీద కూర్చున్న పెద్దాయన లేచొచ్చారు. "సినిమావాళ్లాండీ?"

"కాదండీ. సినిమాల లెక్కలు రాసినవాణ్ణి."

"అయితే మీరు కూడా మా చెట్టుకి బాకీ ఉన్నట్టేనండి."

ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఏ హీరో వస్తే జనం ఎంత దూరం నిలబడేవారో, ఏ డైరెక్టరు ఊరివాళ్లని కూర్చోబెట్టి వాళ్ల మొహాలు తెర మీద చూపించాడో, ఏ షూటింగులో ఊళ్లో అందరికీ భోజనం పెట్టారో, అన్నీ ఆయనకు నిన్నటిలా గుర్తున్నాయి. ఆ సినిమాలు కొవ్వూరు టాకీసులో ఎన్ని వారాలు ఆడాయో మామయ్యగారికి గుర్తుంది. ఒకాయన దగ్గర షూటింగు, ఇంకొకాయన దగ్గర వసూళ్లు. మా అబ్బాయి రీల్ తీయడం ఆపేసి ఫోన్ వాళ్ల మధ్య పెట్టి మాటలు రికార్డు చేశాడు. తనంతట తనే చేశాడు. చిగుళ్లు చూసినప్పటికంటే నాకు అప్పుడు ఎక్కువ సంతోషం వేసింది.

ఒక్క విషయం కటువుగా చెప్తాను. మేమున్నప్పుడే ఒక జంట ప్రీవెడ్డింగ్ షూట్‌కి వచ్చారు. డ్రోన్ పైకి లేపారు, సరే. పెళ్లికొడుకుని మోడు మీదికి ఎక్కించి, చిగుళ్లు పక్కకు వంచి పట్టుకోమన్నాడు ఫోటోగ్రాఫరు. నేను వెళ్లి దింపించాను. మా వారికి ఇలాంటివి నచ్చవు, "మనకెందుకు" అన్నారు. మనకే. ఆ చెట్టు నిలబడుతుందో లేదో తేలేది ఈ రెండు మూడేళ్లలోనే.

తిరిగొస్తూ గట్టు మీద టీ కొట్టు దగ్గర ఆగాం, నాలుగు టీలు 60 రూపాయలు. ఫోన్‌తో కట్టగానే కౌంటర్ మీద స్పీకరు మహేశ్‌బాబు గొంతుతో డబ్బులు అందాయని చెప్పింది. మామయ్యగారు ఉలిక్కిపడి చూశారు. ఆయన కృష్ణగారి అభిమాని. కృష్ణ సినిమా పెట్టె తలమీద పెట్టుకుని రేవు దాటిన మనిషి. "కృష్ణగారి అబ్బాయి గొంతు కదూ?" అన్నారు. టీ కొట్టతను నవ్వి, "పొద్దుటి నుంచి వందసార్లు మాట్లాడతారండి మాతో" అన్నాడు. మామయ్యగారు ఇంకో టీ చెప్పి, ఈసారి తనే తన ఫోన్‌తో కట్టారు, మళ్లీ వినడానికి. ఒకప్పుడు హీరో గొంతు వినాలంటే ఊళ్లోకి పెట్టె రావాలి, కరెంటు ఉండాలి, టికెట్టు దొరకాలి. ఇప్పుడు పదిహేను రూపాయల టీకి వినిపిస్తోంది. ఆయనకిది దిగజారడంలా అనిపించలేదు, పండగలా అనిపించింది. నాకూ అంతే.

రాజమండ్రిలో మిగిలిన పూట రోజ్‌మిల్క్, పుష్కరాల రేవు, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం. 1852లో పూర్తయిన ఆనకట్టని ఎలా కట్టారో నమూనాలతో చూపిస్తారు. పిల్లలున్నవాళ్లు గంట కేటాయించండి.

మర్నాడు ద్రాక్షారామం దర్శనం చేసుకుని కోటిపల్లి మీదుగా అమలాపురం వైపు బయల్దేరాం. ఇక్కడ ఫోన్ మ్యాప్ గురించి చెప్పాలి. కోటిపల్లికీ అవతల ముక్తేశ్వరానికీ మధ్య గౌతమి గోదావరి ఉంది, దాన్ని దాటించేది పంటు. మ్యాప్ మాత్రం నీళ్ల మీద కూడా గీత గీసి, మొత్తం ప్రయాణానికి ఒక సమయం వేసి చూపిస్తుంది. పంటు నిండితే గానీ కదలదని, పొద్దుపోయాక తిరగదని, నీళ్లు తగ్గితే ఇసుకలో దూరం వెళ్లి ఎక్కాలని దానికి తెలీదు. డ్రైవరు ముందే రేవులో ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు కాబట్టి మేం సమయానికి చేరాం. మా వెనకొచ్చిన కారులో కుటుంబం మ్యాప్‌ని నమ్మి సాయంత్రానికి వచ్చి, రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వెళ్లిందని తర్వాత విన్నాం. కారుకీ మనుషులకీ కలిపి మాకు 200 అయింది. రెండు పడవల మీద చెక్కలు పరిచిన ఆ పంటు మీద మన కారు, పక్కన మోటారు సైకిళ్లు, అరటి గెలలు, బడిపిల్లలు. నది మధ్యలో ఇంజిను శబ్దం తప్ప ఏమీ లేదు. ఈ 200 రూపాయలు ఈ ప్రయాణంలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలో గొప్పది.

ఇక బస.

ఊరి పేరు, బస పేరు రాయను. అమలాపురానికి అరగంట దూరం. గేటు దగ్గర తాటాకు పందిరి, కొబ్బరి బోండాం, ముగ్గు, బాగానే అనిపించింది. లోపల హాల్లో టేకు రంగు వేసిన ఫైబర్ స్తంభాలు నాలుగు. తడితే డొల్ల శబ్దం. గోడ నిండా ఒక ఫ్లెక్సీ, దాని మీద యాప్‌లో చూసిన అదే మండువా, అదే వాన. ఫ్లెక్సీ ముందు ఉయ్యాల బల్ల. అంటే ఉయ్యాలలో కూర్చుని ఫోటో తీయించుకుంటే మండువా ఇంట్లో ఉన్నట్టే వస్తుంది. గదులు పట్నంలో ఏ లాడ్జిలోనైనా ఉండే గదులే. గీజరు పనిచేయలేదు. బకెట్లతో వేడినీళ్లు తెప్పిస్తామన్నారు, వచ్చేసరికి గోరువెచ్చగా కూడా లేవు. డెబ్బై ఆరేళ్ల మామయ్యగారు డిసెంబర్ చలిలో వాటితోనే స్నానం చేశారు.

"ఇందులో మండువా ఏదండీ?" అని మేనేజరుని అడిగాను.

"థీమ్ అండీ మేడమ్. ఫోటోలు రిప్రజెంటేషన్ కోసం."

రిప్రజెంటేషన్ అన్న మాట వినగానే మామయ్యగారు తలెత్తి చూశారు గానీ ఏమీ అనలేదు. ఆయనకి కోపం వచ్చింది రాత్రి భోజనం దగ్గర. మెనూలో "పులస పులుసు, 1,800" అని ఉంది, డిసెంబర్‌లో! పులస దొరికేది వానాకాలంలో, గోదావరికి ఎర్రనీళ్లు తగిలినప్పుడు, జూలై నుంచి సెప్టెంబరు దాకా. సముద్రపు చేప ఏటికి ఎదురీది వచ్చాకే ఆ రుచి వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత పుట్టిన సీమలోనే, పట్నం నుంచి వచ్చినవాళ్లకి తెలీదులే అని శీతాకాలంలో పులస రాసిపెట్టారు. "ఇది తిండి మీద చేసే దొంగ లెక్క" అని మామయ్యగారు మెనూ మూసేసి పప్పన్నం చెప్పారు. ఎవరైనా ఎప్పుడైనా దసరా దాటాక మీకు పులస అమ్మజూపితే లేచి వచ్చేయండి.

ఆ రాత్రి యాప్‌లో ఫిర్యాదు రాస్తే జవాబిచ్చింది మనిషి కాదు, యంత్రం. "మీ అసౌకర్యం మాకు ముఖ్యమైనది" అంది. ఆ తెలుగు చదివి మా అబ్బాయి కూడా బాధపడ్డాడు. మనిషితో మాట్లాడాలని ఎన్నిసార్లు రాసినా అదే వాక్యం. మా వారు గొడవలు పడలేని మనిషి, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు.

అప్పుడు మా అబ్బాయి ఒక పని చేశాడు. యాప్‌లోని ఆ ఫోటోని బొమ్మతో బొమ్మని వెతికే పద్ధతిలో వెతికాడు. అదే ఫోటో ఒక ప్రీవెడ్డింగ్ ఫోటోగ్రాఫర్ పేజీలో దొరికింది, కింద ఊరి పేరుతో సహా. పక్క ఊరే. పొద్దున్నే డ్రైవరుకి చూపిస్తే "ఆ ఇల్లాండీ? మా మేనత్త వాళ్ల ఊళ్లోదేనండి" అన్నాడు. గది తీసుకునేముందు మీరూ ఇలా వెతకండి. రెండు నిమిషాల పని.

బసలో ఉచిత టిఫిన్ అన్నది వదిలేసి ముందు అంబాజీపేట వెళ్లాం, పొట్టిక్కల కోసం. పనసాకుల్ని చీపురు పుల్లలతో గుచ్చి చిన్న బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పుతుంటే పచ్చి వాసన కాదు, ఉడికిన పనసాకు తియ్యటి వాసన వస్తుంది, అది పిండిలోకి కూడా దిగుతుంది. అల్లం పచ్చడి, కొబ్బరి చట్నీ. ప్లేటు 40 రూపాయలు. మా వారు రాత్రి నుంచి మొదటిసారి నోరు విప్పి "ఇంకో ప్లేటు" అన్నారు. అక్కడ నిలబడి తిన్న ఆ టిఫిన్‌కి ఏ స్టార్ హోటలూ సాటిరాదు.

అక్కణ్ణుంచి అసలు మండువా ఇంటికి. గుమ్మంలో ఎనభై దాటిన మామ్మగారు. ఎవరమ్మా మీరని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోన్లో ఫోటో చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "పెళ్లి ఫోటోలని వచ్చారు, పూటకి ఐదువేలిస్తామన్నారు, మా అబ్బాయి సరేనన్నాడు. మా ఇంటి బొమ్మ పెట్టి ఎవరో గదులు అద్దెకిస్తున్నారని నువ్వు చెప్పేదాకా నాకు తెలీదమ్మా" అన్నారు. మోసపోయింది మేమొక్కళ్లమే కాదన్నమాట.

లోపలికి రమ్మని ఇల్లంతా తిప్పి చూపించారు. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలుతుంది, మధ్యలో ఆకాశం. వాన పడితే నాలుగు వాలుల నీళ్లూ మధ్య గుంటలోకి దూకి, తూములోంచి పెరట్లో కొబ్బరిచెట్ల మొదళ్లకు పోతాయి. వేసవిలో వేడిగాలి పైకి లేచిపోయి, చుట్టూ వసారాలు చల్లగా ఉంటాయి. గింజలు ఎండబెట్టడం, పిల్లలకి స్నానాలు, పెళ్లిచూపులు, బొమ్మల కొలువు, పోయినవాళ్లని కడసారి పడుకోబెట్టడం, అన్నీ ఆ మధ్యలోనే. టేకు స్తంభం దగ్గర మామయ్యగారు ఆగి వేలితో తట్టారు. గట్టిగా, నిండుగా పలికింది. ఒక స్తంభానికి పసుపు పచ్చ రంగు అంటి ఉంటే ఏమిటని అడిగాను. ఏదో సినిమావాళ్లు తలుపులకు రంగు మార్చి, వెళ్తూ తుడవకుండా పోయారట. చిత్రమేమిటంటే, మామ్మగారు ఆ సినిమా చూడనే లేదు.

కాఫీ, కాజాలు పెట్టారు. డబ్బులిస్తే తీసుకోలేదు. అమెరికాలో ఉన్న మనవడికి వీడియో కాల్ చేసి నా చేత మొత్తం చెప్పించారు. ఆ అబ్బాయి అక్కడ అర్ధరాత్రయినా శ్రద్ధగా విని స్క్రీన్‌షాట్లు పంపమన్నాడు.

గది ఖాళీ చేసేటప్పుడు అసలు పరీక్ష. వచ్చిన రోజు కట్టించుకున్న డిపాజిట్ 2,000 అడిగితే మేనేజరు రివ్యూ పేజీ తెరిచిన ఫోన్ నా చేతికిచ్చి, "అయిదు స్టార్లు పెట్టి చూపించండి మేడమ్, వెంటనే వేసేస్తాం" అన్నాడు. యాప్‌లో ఆ బసకి కనిపించే 4.6 ఎలా వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. నేను పెట్టలేదు. నిజమే రాశాను, ఫైబర్ స్తంభాల ఫోటోలతో సహా. డిపాజిట్ ఇవ్వలేదు. మా వారు "పోనీ రెండు వేలేగా" అంటే, మామయ్యగారు తొలిసారి కొడుకు మీద గొంతు పెంచారు: "టికెట్టు డబ్బులు లెక్క తేలకుండా నేనే ఊరూ వదిలి రాలేదురా."

తిరుగు దారిలో పూతరేకుల ఆత్రేయపురం. కుండ బోర్లించి కింద మంట పెట్టి, బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డ ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. చూడ్డానికి ఎవరింటికి వెళ్లినా కాదనరు. 2023లో జీఐ (ఆ ఊరిదేనన్న భౌగోళిక) గుర్తింపు వచ్చాక రోడ్డు పొడుగునా బోర్డులు పెరిగాయి, సగం బోర్డుల మీద "యూట్యూబ్‌లో చూసినది మాదే" అని. మేం బోర్డు లేని ఇంట్లో కొన్నాం, బెల్లం నెయ్యివి పది 250. వాటికే ఓటు.

బుకింగ్ ముందు ఫోన్ చేసి, "ఇప్పుడే వీడియో కాల్‌లో గది చూపించండి" అనండి. కాదన్నవాళ్ల దగ్గర దిగొద్దు. బస రాజమండ్రిలోనే పెట్టుకుని కోనసీమ కారులో తిరిగి రావడం నా దృష్టిలో మంచిది. ఉండాలనే ఉంటే ఊళ్లో తెలిసినవాళ్ల ద్వారా వెతకండి.

ఇంటికి రాగానే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, రసీదులన్నీ పంపాను. డిపాజిట్ 2,000 తిరిగి పడింది. గదుల డబ్బు 9,408 మాత్రం "బస చేశారు కాబట్టి" ఇవ్వనంటోంది యాప్, ఆ ఫిర్యాదు నడుస్తోంది. మామ్మగారి మనవడు పెట్టిన నోటీసుకి ఆ ఇంటి ఫోటో తీసేశారు. దాని స్థానంలో ఇప్పుడు ఇంకో పాతకాలపు ఇల్లు కనిపిస్తోంది. మా అబ్బాయి దాన్నీ వెతికాడు, కేరళలో ఒక రిసార్టుదట. ఆ లింకు కూడా నిన్ననే 1915కి పంపాం.